సెలవులకు వెంట మైక్రోవేవ్, గదిలో సొంత వంట: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు మైక్రోవేవ్ మోసుకెళ్లాల్సినంత అవసరం ఉంటుందా?

చాలామందికి ఉండదు. సొంత కారులో వెళ్తూ, ఒకే చోట నాలుగైదు రాత్రులు ఉంటూ, ఆ గదిలో మైక్రోవేవ్ లేదని తేలితే అప్పుడు ఆలోచించండి. చిన్నపిల్లలో, పథ్యం ఉన్నవాళ్లో, ఫలానాది పడదని డాక్టరు చెప్పినవాళ్లో వెంట ఉంటే కారణం ఇంకాస్త గట్టిది. రోజుకో ఊరు మారే ప్రయాణమైతే మాత్రం దాన్ని దించడం, ఎక్కించడంతోనే సరిపోతుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. అందరూ మైక్రోవేవ్ గురించే అడుగుతారు గానీ, గదిలో వంట సాగుతుందా లేదా అన్నది తేల్చేది ఫ్రిజ్. వేడి చేసుకోవడానికి ఏదో ఒక దారి దొరుకుతుంది, ఆఖరికి కింద రిసెప్షన్‌లో అడిగినా వేడి చేసి ఇస్తారు. చల్లగా దాచుకునే చోటు లేకపోతే పాలు, గుడ్లు, కోసిన కూరలు, మిగిలిన అన్నం ఏవీ నిలవవు. గది బుక్ చేసేటప్పుడు రెండింట్లో ఒకటే దొరికేలా ఉంటే నేనైతే ఫ్రిజ్ ఉన్న గదే తీసుకుంటాను.

బుక్ చేసే ముందు బసవాళ్లను ఏమేం అడగాలి?

"మైక్రోవేవ్ ఉందా" అని అడిగితే "ఉంది" అంటారు. అది మీ గదిలో ఉందో, కింద అందరూ వాడుకునే చోట ఉందో, అడిగితే పంపుతారో, దానికి విడిగా డబ్బు కట్టాలో అక్కడికెళ్లాక తెలుస్తుంది. అందుకే విడివిడిగా అడగండి. గదిలోనే ఉందా? ఫ్రిజ్ మామూలుదా, కూల్‌డ్రింకుల కోసం పెట్టే చిన్నదా? తాళం కార్డు తీసి బయటికి వెళ్తే ఫ్రిజ్‌కి కూడా కరెంటు ఆగిపోతుందా? మా మైక్రోవేవ్ మేం తెచ్చుకుంటే అభ్యంతరమా? గిన్నెలు కడుక్కోవడానికి సింకు ఉందా?

కార్డు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. చాలా హోటళ్లలో తలుపు పక్కన కార్డు పెడితేనే గదికి కరెంటు వస్తుంది. కొన్నిచోట్ల ఫ్రిజ్ ప్లగ్గు కూడా ఆ లైనులోనే ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి ఊరు చూడ్డానికి వెళ్లి సాయంత్రం ఆరింటికి వచ్చేసరికి లోపలి పాలు గోరువెచ్చగా ఉంటాయి.

జవాబులు ఫోన్లో కాకుండా మెసేజ్‌లోనో మెయిల్‌లోనో తీసుకోండి. రాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి పగటి డ్యూటీ మనిషి ఇచ్చిన మాట తెలియదు.

అడగకుండా గుట్టుగా పెట్టుకుంటే ఏమవుతుంది?

గుట్టుగా ఉండదు. గది శుభ్రం చేయడానికి వచ్చేవాళ్లు రోజూ చూస్తారు. హోటల్‌వాళ్లు కాదనడానికి కారణం కూడా ఎక్కువగా తిండి కాదు, వైరింగు. పాత భవనంలో నాలుగు గదులకు కలిపి ఒకే లైను ఉంటే మీ మైక్రోవేవ్ ఆన్ చేయగానే పక్క గదివాళ్ల టీవీ ఆగిపోతుంది. చాలా విహార నౌకల్లో వేడి పుట్టించే పరికరాలు దేన్నీ లోపలికి రానివ్వరు. ఎక్కే దగ్గరే తీసి పక్కన పెట్టి, దిగేటప్పుడు ఇస్తారు.

ప్రయాణానికి ఎలాంటిది పనికొస్తుంది?

17 నుంచి 20 లీటర్ల, 700 వాట్ల మామూలు మైక్రోవేవ్ చాలు. గ్రిల్లు, కన్వెక్షన్ (వేడి గాలితో వండే పద్ధతి) ఉన్నవి బరువెక్కువ, కరెంటూ ఎక్కువే లాగుతాయి. గుండ్రంగా తిప్పే రెండు మీటలు, ఒకటి టైముకు, ఒకటి పవర్‌కు ఉన్న మోడల్ అయితే ఇంకా మంచిది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం సరిచేసే బాధ ఉండదు.

ఈ సైజువి సుమారు 10, 12 కిలోలు తూగుతాయి. 1945లో అమెరికాలోని రేథియాన్ కంపెనీలో రాడార్ పరికరాల మీద పనిచేస్తున్న పెర్సీ స్పెన్సర్ జేబులో చాక్లెట్ కరిగిపోవడంతో మొదలైంది మైక్రోవేవ్ కథ. రెండేళ్లకు ఆ కంపెనీ అమ్మిన మొదటి మోడల్ మనిషంత ఎత్తు, సుమారు 340 కిలోల బరువు. దాన్ని డిక్కీలో పెట్టే ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదు.

వాట్ల దగ్గర ఒక తిరకాసు ఉంది. డబ్బా మీద రాసిన 700 వాట్లు తిండికి చేరే శక్తి. గోడ ప్లగ్గు నుంచి అది లాగేది 1,050 నుంచి 1,200 వాట్లు ఉంటుంది. వెనకవైపు అంటించిన పట్టీ మీద రెండూ రాసి ఉంటాయి. కరెంటు లెక్కలన్నిటికీ పెద్ద అంకెనే చూడాలి.

వేరే దేశానికి తీసుకెళ్తే పనిచేస్తుందా?

వోల్టేజీ కలిస్తేనే. అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే లెక్క). యూరప్, ఆస్ట్రేలియా, ఆసియాలో చాలా భాగం 220 నుంచి 240 వోల్టులు, 50 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులు, అందులోనూ తూర్పు భాగంలో 50 హెర్ట్జ్, పడమర భాగంలో 60. అక్కడ పాత మైక్రోవేవ్‌లు ఒక ప్రాంతంలో కొన్నవి ఇంకో ప్రాంతంలో సరిగ్గా పనిచేసేవి కావు.

ఫోన్ చార్జర్‌కి వాడే ప్లగ్ అడాప్టర్ ఇక్కడ పనికిరాదు. అది పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. 120 వోల్టుల మైక్రోవేవ్‌ను 230 వోల్టుల సాకెట్‌లో పెడితే ఫ్యూజు పోవడం అదృష్టం, లోపలి భాగాలు కాలిపోవడం మామూలు. 1,200 వాట్లు మోయగల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకెళ్దామంటే అదే మైక్రోవేవ్ అంత బరువుంటుంది. పోనీ మోసుకెళ్లినా అది హెర్ట్జ్‌ను మార్చలేదు. దేశం దాటేటప్పుడు దీని మాట మరిచిపోండి.

విమానంలో ఒప్పుకుంటారా?

ఖాళీ మైక్రోవేవ్‌ను చెక్-ఇన్ సామానుగా చాలా విమాన సంస్థలు ఒప్పుకుంటాయి. 23 కిలోలు, మూడు వైపుల కొలతలు కలిపి 158 సెంటీమీటర్ల లోపు అన్నది ఎక్కువగా కనిపించే పరిమితి. చిన్న మోడల్ అందులో పడుతుంది. కానీ దాని తలుపు సామాను బెల్టు మీద దెబ్బలు తినడానికి చేసింది కాదు. వంగిన తలుపుతో మైక్రోవేవ్ వాడకూడదు కాబట్టి, తీసుకెళ్లిన పని అక్కడితో ఆగిపోవచ్చు. నా సలహా వద్దనే.

క్యాంపింగ్ గ్యాస్ డబ్బాలు మాత్రం చేతి సంచిలోనూ వద్దు, చెక్-ఇన్ లోనూ వద్దు, రెండుచోట్లా నిషేధమే. కూరగాయల కత్తి చెక్-ఇన్ లోకి వెళ్లాలి.

కారులో ఎలా సర్దాలి?

ముందు లోపలి గాజు పళ్లెం తీయండి. దాని కింద చక్రాల రింగు ఉంటుంది, అదీ తీయండి. పళ్లేన్ని రెండు తువ్వాళ్లలో చుట్టి బట్టల పెట్టె మధ్యలో, నిలువుగా పెట్టండి. కింద పడుకోబెట్టి పైన బరువు పెడితే పగులుతుంది. రింగు చిన్నది, ఎక్కడో జారిపోతుంది. అది లేకపోతే పళ్లెం తిరగదు కాబట్టి దాన్ని మైక్రోవేవ్ లోపలే ఒక కవర్లో వేసి పెట్టండి.

ఖాళీ అయిన లోపలి భాగంలో మెత్తటివి పెట్టుకోవచ్చు: చేతిగుడ్డలు, ఓట్స్ ప్యాకెట్లు, ప్లాస్టిక్ డబ్బాలు. బరువైనవి, సీసాలు వద్దు. గోడలకున్న పూత గీసుకుపోతే అక్కడ తుప్పు పట్టి, తర్వాత నిప్పురవ్వలు వస్తాయి. తలుపు తెరుచుకోకుండా గుడ్డ పట్టీతో కట్టండి. టేపు వేస్తే దాని జిగురు వదలదు. కారులో కాళ్ల మీదే నిలబెట్టండి, పక్కకు పడుకోబెట్టొద్దు. బరువంతా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న కుడివైపే ఉంటుంది, ఎత్తేటప్పుడు ఆ చెయ్యి ముందు జాగ్రత్తగా పట్టాలి.

కారులోనే ఇన్వర్టర్ పెట్టి దారిలో వేడి చేసుకోవచ్చా?

సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి అయితే కుదరదు. దాని ఫ్యూజు సాధారణంగా 10 నుంచి 20 ఆంపియర్లు, అంటే 12 వోల్టుల మీద 120 నుంచి 240 వాట్లు దాటితే కాలిపోతుంది. మైక్రోవేవ్‌కు 1,100 వాట్లు కావాలి, అంటే బ్యాటరీ నుంచి దాదాపు 100 ఆంపియర్లు. నేరుగా బ్యాటరీకి లావు తీగలతో బిగించిన పెద్ద ఇన్వర్టర్ ఉన్న క్యాంపర్ వ్యాన్లలో ఇది మామూలే. మామూలు కారులో వెడల్పు మూతి ఫ్లాస్కు చాలు. ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి, పారబోసి, ఆ వెంటనే పొగలు కక్కే తిండి నింపండి. మధ్యాహ్నం దాకా వేడి నిలుస్తుంది.

గదిలో ఎక్కడ పెట్టాలి? కెటిల్‌తో కలిపి వాడొచ్చా?

గట్టి బల్ల మీద, గోడకు ఓ బెత్తెడు దూరంలో పెట్టండి. గాలి వదిలే చిల్లులు పక్కనో వెనకో ఉంటాయి, వాటికి కర్టెన్ తగలకూడదు. మంచం మీద, బట్టల అల్మారాలో వద్దు.

నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టండి. హోటల్ గదుల్లో టీవీ వెనక కనిపించే సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సు దీపాలకూ చార్జర్లకూ సరిపడేది. మైక్రోవేవ్ తగిలిస్తే తీగ వేడెక్కుతుంది. వాడుతూ ఉండగా ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపండి. కొన్ని గదుల్లో రెండు సైజుల సాకెట్లుంటాయి, ఎప్పుడూ పెద్దదే వాడాలి.

కెటిల్ విడిగా 1,500 నుంచి 2,000 వాట్లు లాగుతుంది. 120 వోల్టుల దేశాల్లో గది లైను తరచుగా 15 ఆంపియర్లే, అంటే మొత్తం 1,800 వాట్లు. రెండూ కలిపి వేస్తే ట్రిప్ అవడం ఖాయం. కెటిల్ కాగనివ్వండి, తర్వాత మైక్రోవేవ్. జుట్టు ఆరబెట్టే డ్రయర్‌కూ ఇదే వరస.

వైఫై కూడా ఆ రెండు నిమిషాలు నత్తనడక నడవచ్చు. మైక్రోవేవ్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, పాత వైఫైదీ దాదాపు అదే దారి. 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ ఉంటే దానికి మారండి.

గదిలో ఉన్న మైక్రోవేవ్ ఎన్ని వాట్లదో రాసి లేదు. ఎలా తెలుసుకోవాలి?

గది వేడి మీదున్న నీళ్లు 250 మిల్లీలీటర్లు ఒక గాజు కప్పులో పోసి, అందులో చెక్క చెంచా వేసి, ఫుల్ పవర్ మీద పెట్టి టైము చూడండి. సుమారు రెండు నిమిషాలకు తెర్లితే 700 వాట్లకు అటూ ఇటూ. నిమిషంన్నరకే తెర్లితే 900 పైమాటే. మూడు నిమిషాలు దాటినా తెర్లకపోతే అది ముసలిదైపోయింది, దేనికైనా రెట్టింపు టైము వేసుకోండి.

చెక్క చెంచా ఎందుకంటే, నున్నటి కప్పులో నీళ్లు ఒక్కోసారి బుడగ రాకుండానే 100 డిగ్రీలు దాటిపోతాయి. బయటికి తీసి కాఫీపొడి వేయగానే ఒక్కసారిగా చేతుల మీదికి ఎగజిమ్ముతాయి.

వాట్లు తెలిశాక ప్యాకెట్ మీది టైము సరిచేసుకోవడం తేలిక. 1,000 వాట్ల మీద మూడు నిమిషాలు అని రాస్తే, 700 వాట్ల దాని మీద నాలుగుంపావు నిమిషాలు.

గదిలోని చిన్న ఫ్రిజ్‌లో వండినవి దాచుకోవచ్చా?

నమ్మే ముందు పరీక్షించండి. హోటళ్లలో పెట్టే చిన్న ఫ్రిజ్‌ల్లో చాలావాటికి కంప్రెసర్ ఉండదు. చప్పుడు చేయకూడదని వేరే పద్ధతిలో చల్లబరిచేవి పెడతారు. కూల్‌డ్రింకు చల్లగా అనిపించడానికి అది సరిపోతుంది, వండిన తిండి నిలవడానికి సరిపోకపోవచ్చు. తిండికి కావలసింది 4 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి.

గదికి చేరగానే ఒక గ్లాసు నీళ్లలో చిన్న థర్మామీటర్ వేసి లోపల పెట్టండి. మరునాడు పొద్దున్నే తలుపు తీసిన వెంటనే చూడండి. నాలుగు ఉంటే నిశ్చింత. ఎనిమిదో పదో ఉంటే అందులో పళ్లు, వెన్న, జామ్ పెట్టుకోండి. మాంసం, చేపలు, పాలు, మిగిలిన అన్నం వద్దు. థర్మామీటర్ లేకపోతే తిప్పే మీట ఎక్కువ చలి వైపు పెట్టి, పైన చిన్న ఫ్రీజర్ అర ఉంటే అందులో నీళ్లు గడ్డకడుతున్నాయేమో చూడండి. గడ్డకడితే ఆశ ఉంది.

అందులో ముందే పెట్టి ఉన్న సీసాలను కదిపేటప్పుడు జాగ్రత్త. కొన్నిచోట్ల అరలకే సెన్సర్లు ఉంటాయి, సీసా ఎత్తితే బిల్లులో పడుతుంది. రిసెప్షన్‌కు చెప్పి వాళ్లచేతే ఖాళీ చేయించుకోండి.

వండిన తిండి బయట ఎంతసేపు ఉండొచ్చని అడుగుతారు. రెండు గంటలు. గది 32 డిగ్రీలు దాటి ఉక్కగా ఉంటే గంటే. ఆగివున్న కారు ఎండలో అంతకన్నా చాలా వేడెక్కుతుందని గుర్తుంచుకోండి.

ఐస్ పెట్టె తీసుకెళ్తే?

కారు ప్రయాణానికి అంతకన్నా మంచి వస్తువు లేదు. ఐస్ ముక్కలకన్నా పెద్ద గడ్డ ఎక్కువసేపు కరగకుండా ఉంటుంది. ఇంట్లోనే ఒకటి రెండు కూరలు వండి, జిప్ కవర్లలో పలచగా పరిచి, గడ్డకట్టించి తీసుకెళ్తే అవే ఐస్‌గా పనిచేస్తాయి, కరిగే వరసలో తినేయొచ్చు. పెట్టె మూత ఎన్నిసార్లు తీస్తే అంత చల్లదనం పోతుంది, మంచినీళ్ల సీసాలకు వేరే సంచి పెట్టుకోండి. పొడి ఐస్ వాడేవాళ్లు కారు అద్దాలు కాస్త దించి ఉంచాలి, అది కార్బన్ డయాక్సైడ్‌గా మారి మూసిన చోట నిండిపోతుంది.

మైక్రోవేవ్‌లో అన్నం నిజంగా కుదురుతుందా?

కుదురుతుంది, గిన్నె లోతైనదైతే. చెడిపోయేది ఎక్కువగా అక్కడే. ఒక కప్పు బియ్యానికి రెండు లీటర్ల పైన పట్టే గాజు గిన్నె కావాలి. చిన్నదైతే గంజి పొంగి పళ్లెం నిండా పాకుతుంది, ఆ తర్వాత అరగంట తుడవడమే.

బియ్యం రెండుసార్లు కడిగి, వీలైతే ఇరవై నిమిషాలు నానబెట్టండి. కప్పుకు రెండు కప్పుల నీళ్లు, రెండు చుక్కల నూనె. నూనె వేస్తే పొంగు కాస్త అణుగుతుంది. మూత పెట్టకుండా ఫుల్ పవర్ మీద పది నిమిషాలు. అప్పటికి పైన నీళ్లు కనిపించకుండా పోయి, అన్నం మీద చిన్నచిన్న గుంటలు పడి, వాటిలోంచి ఆవిరి వస్తుంటుంది. ఆ గుంటలే గుర్తు, గడియారం కాదు. పడకపోతే నిమిషం చొప్పున పెంచండి. ఇప్పుడు మూత పెట్టి, సగం పవర్ మీద ఇంకో ఐదు నిమిషాలు. ఆపాక తలుపు తీయొద్దు. మరో ఏడెనిమిది నిమిషాలు లోపలే మగ్గనివ్వండి. తొందరపడి తీస్తే పలుకు మధ్యలో గట్టిగానే ఉంటుంది. కొత్త బియ్యమైతే నీళ్లు పావు కప్పు తగ్గించండి.

మిగిలిన అన్నం విషయంలో మొహమాటం వద్దు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం బయట ఉండిపోతే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషంలో ఒక రకం మళ్లీ వేడి చేసినా పోదు. గంటలోపు పలచగా పరిచి చల్లార్చి మంచి ఫ్రిజ్‌లో పెట్టి, ఒక్క రోజులో తినేయండి. ఫ్రిజ్ మీద నమ్మకం లేకపోతే ఆ పూటకు సరిపడానే వండండి.

ఇంకేం వండుకోవచ్చు? ఏవి జోలికి పోకూడదు?

ఆవిరి మీద ఉడికేవన్నీ బాగా వస్తాయి. ఆలుగడ్డకు ఫోర్కుతో పది చిల్లులు పొడిచి ఆరు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. క్యారెట్, బీన్స్, క్యాలీఫ్లవర్ ముక్కలకు రెండు చెంచాల నీళ్లు చల్లి మూత పెట్టి నాలుగైదు నిమిషాలు. ఓట్స్ రెండు నిమిషాలు, వాటికీ లోతైన గిన్నె కావాలి. గుడ్లు గిలకొట్టి కప్పులో పోసి అరనిమిషం చొప్పున, ప్రతిసారీ కలుపుతూ చేస్తే మెత్తగా వస్తాయి.

పెంకుతో ఉన్న గుడ్డు పెట్టకండి, పేలుతుంది. పెంకు తీసిన ఉడికిన గుడ్డు కూడా పేలుతుంది, ఒక్కోసారి బయటికి తీసి కొరికినప్పుడు కూడా. నూనెలో వేపుళ్లు మైక్రోవేవ్ పని కాదు. ఎండుమిరపకాయలు విడిగా వేడి చేస్తే వచ్చే ఘాటుకు గదిలో నిలబడలేరు. ఇస్త్రీపెట్టె మీద రొట్టె కాల్చే వీడియోలు చూసి ప్రయత్నించేవాళ్లు కూడా ఉన్నారు. తర్వాత వచ్చే అతిథి చొక్కా సంగతి ఆలోచించండి.

ఏ గిన్నెలు పెట్టొచ్చు?

వేడికి తట్టుకునే గాజు, మామూలు పింగాణీ. స్టీలు, అల్యూమినియం ఫాయిల్, బంగారు అంచున్న పళ్లేలు వద్దు, నిప్పురవ్వలు వస్తాయి. మెలమైన్ పళ్లేలు చూడ్డానికి పింగాణీలా ఉంటాయి కానీ అవే వేడెక్కి పగులుతాయి. హోటళ్లలో ఇవి ఎక్కువ. అనుమానం ఉంటే ఆ గిన్నెను ఖాళీగా పెట్టి, పక్కనే కప్పుతో నీళ్లు పెట్టి ఒక నిమిషం తిప్పండి. నీళ్లు వేడెక్కి గిన్నె చల్లగా ఉంటే పనికొస్తుంది. నీళ్లు లేకుండా ఖాళీ మైక్రోవేవ్ మాత్రం తిప్పకూడదు, లోపల తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ దెబ్బతింటుంది. పెరుగు, ఐస్‌క్రీమ్ డబ్బాలు చల్లటివి దాచడానికి చేసినవి, వేడి చేయడానికి కాదు.

అంచులు కాలిపోతూ మధ్యలో చల్లగా ఉంటోంది. ఎందుకు?

తరంగాలు తిండిలోకి రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే బలంగా వెళ్తాయి. అక్కడి నుంచి లోపలికి వేడి మెల్లగా పాకాలి. కుప్పగా పోస్తే మధ్యభాగానికి అందదు. తిండిని పళ్లెం అంచు వెంబడి గుండ్రంగా పరిచి, నడుమ ఖాళీ వదలండి. పైన తడి కాగితపు తువ్వాలు కప్పండి. సగం టైముకు ఆపి కలపండి. పూర్తయ్యాక రెండు నిమిషాలు ఆగండి. మిగిలిన తిండి, కోడికూర లాంటివి మధ్యలో 74 డిగ్రీలు చేరాలి. థర్మామీటర్ లేనప్పుడు కనీసం అంతటా పొగలు రావాలి, ఒక్క మూల కాదు.

గడ్డకట్టిన మాంసాన్ని మైక్రోవేవ్‌లో కరిగిస్తే వెంటనే వండేయాలి. అంచులు అప్పటికే వెచ్చబడి ఉంటాయి, తిరిగి ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

పసిపిల్లల పాలసీసా వేడి చేయొచ్చా?

వద్దు. సీసా బయట గోరువెచ్చగా తగిలినా లోపల అక్కడక్కడా నోరు కాలేంత వేడి ఉంటుంది. కప్పులో నీళ్లు వేడి చేసి, బయటికి తీసి, సీసాను అందులో నిలబెట్టండి.

కొండ ప్రాంతంలో ఏదీ ఉడకడం లేదేం?

ఎత్తుకు వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే తెర్లుతాయి. 1,500 మీటర్ల ఎత్తులో సుమారు 95 డిగ్రీలకు, 3,000 మీటర్లలో 90కి. తెర్లడం కనిపిస్తుంది, ఉడకడం మాత్రం జరగదు. పప్పులు, గట్టి గింజలు అక్కడ మైక్రోవేవ్‌లో వండే ఆలోచన పెట్టుకోవద్దు. ఇంట్లో ఉడికించి గడ్డకట్టించినవి తీసుకెళ్లండి. అన్నానికి కాస్త నీళ్లు, కాస్త టైము పెంచితే సరిపోతుంది.

తిండి పదార్థాలు వేరే దేశానికి తీసుకెళ్లొచ్చా?

పొడిగా, సీలు వేసి, కంపెనీ ముద్రతో ఉన్నవి చాలావరకు దాటతాయి. మాంసం, పాల పదార్థాలు, పచ్చి పళ్లు, విత్తనాల దగ్గర చిక్కులు వస్తాయి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడం చాలావరకు నిషేధం. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో ఏ తిండి ఉన్నా ఫారంలో రాయాలి. రాస్తే మహా అయితే ఆ వస్తువు తీసుకుంటారు. రాయకుండా దొరికితే జరిమానా. అందుకే ఫారం నింపేటప్పుడు బ్యాగులో బిస్కెట్ ప్యాకెట్ ఉన్నా అవునని పెట్టడమే మేలు.

చేతి సంచిలో ద్రవాలకు చాలా విమానాశ్రయాల్లో 100 మిల్లీలీటర్ల పరిమితి ఉంది. జామ్, పెరుగు, పులుసున్న కూర కూడా ద్రవాల లెక్కలోకే వస్తాయి.

మూడు పూటలూ వండుకోవాలా?

అలా చేస్తే సెలవు వంటవాళ్లకు సెలవు కాదు. మూడు పూటలు అనుకుని వెళ్లినవాళ్లే రెండో రోజుకు విసుగెత్తి సామాను మూట కడతారు. నాకు తోచిన పద్ధతి: పొద్దున తిండి గదిలో, మధ్యాహ్నం తిరిగే చోట, రాత్రికి ఓపికను బట్టి. పొద్దున పూట గదిలో తింటే డబ్బు ఆదా అన్నది ఒక ఎత్తు, ఆకలితో ఉన్న పిల్లల్ని వెంటబెట్టుకుని హోటల్ వెతికే బాధ తప్పడం ఇంకో ఎత్తు. రాత్రికి అన్నమో ఆలుగడ్డో వండి, తోడుగా బయట కొన్నది పెట్టుకుంటే గిన్నెలూ తక్కువే. ఎవరు వండుతారు, ఎవరు కడుగుతారు అన్నది ఇంట్లో ఉన్నప్పుడే తేల్చుకోండి. రెండూ ఒకరి నెత్తినే పడితే ఆ మనిషి వచ్చే ఏడాది రానంటారు.

వాసన, పొగ అలారం, కడగడం సంగతి?

పొగ పసిగట్టే పరికరానికి సరిగ్గా కింద మైక్రోవేవ్ పెట్టొద్దు. దట్టమైన ఆవిరికీ కొన్ని మోగుతాయి. దానికి గుడ్డ చుట్టే ఆలోచన అసలు వద్దు. కిటికీ తెరవండి. చేపలు, మాడిన పాప్‌కార్న్ వాసన కర్టెన్లకు పట్టి రెండు రోజులు వదలదు. బాత్‌రూమ్‌లో వండొద్దు, అక్కడి తడి చాలు ప్రమాదానికి.

కడగడానికి చిన్న సీసాలో సబ్బు ద్రవం, ఒక స్పాంజి, రెండు గుడ్డలు ఇంటి నుంచే తెచ్చుకోండి. సింకు లేనందువల్ల బేసిన్‌లో కడగాల్సి వస్తే జిడ్డునూ మెతుకులనూ ముందు కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేయండి, లేదంటే బేసిన్ పూడుకుపోతుంది.

గది ఖాళీ చేసే రోజు ఏం చేయాలి?

ముందు రాత్రే ఫ్రిజ్ చూసి, పొద్దున తినగలిగింది పక్కన పెట్టి మిగతాది పారేయండి. ఐస్ పెట్టె లేకుండా అరరోజు కారులో తిరిగే పాలు, కూరలు ఇంటికి తెచ్చి లాభం లేదు. కప్పు నీళ్లలో నిమ్మచెక్క పిండి, మైక్రోవేవ్‌లో నాలుగు నిమిషాలు తెర్లించి, రెండు నిమిషాలు తలుపు మూసే ఉంచండి. ఎండిన మరకలు ఆవిరికి నాని గుడ్డకు వచ్చేస్తాయి. ప్లగ్గు తీసి, తలుపు తెరిచి పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద మూసి డిక్కీలో పెడితే ఇంటికొచ్చేసరికి ముక్క వాసన వస్తుంది. గాజు పళ్లెం, చక్రాల రింగు గది బల్ల మీద మరిచిపోయే వస్తువుల్లో మొదటివి. రింగు లోపల ఉందో లేదో చూశాకే పట్టీ కట్టండి.